గోడకవతల కేబులు, ఇవతల ఫైబరు

(బెజవాడ సత్యనారాయణపురంలో పాత ఇల్లు. ముందుగదిలో గోడకి టీవీ. చాప మీద అట్టపెట్టె, వైర్లు, పిల్లలు పంపిన ఫైర్ టీవీ స్టిక్కు, అంటే టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్‌లోంచి బొమ్మలు చూపించే చిన్న పుల్ల. పిల్లాడి తల్లి గుంటూరు బ్రాడీపేట నుంచి గోంగూర పచ్చడి జాడీతో బస్సు దిగి వచ్చింది. పిల్ల తల్లిది ఈ ఇల్లే. ఇద్దరూ ఒకరినొకరు ‘వదినగారూ’ అనే పిలుచుకుంటారు. ఆ ‘గారు’ ఎంత సాగితే కోపం అంత ఉన్నట్టు లెక్క. సాయంత్రం క్రికెట్ మ్యాచి ఉంది.)

గుంటూరు: అదేంటి వదినగారూ, స్టిక్కు వైరు తీసుకెళ్ళి టీవీ వెనకాల యూఎస్‌బీలో గుచ్చారు?

బెజవాడ: సరిగ్గా పట్టిందండీ. ప్లగ్గు మిగిలింది కూడాను. లోపల దాచాను.

గుంటూరు: దాచింది తీయండి. టీవీ యూఎస్‌బీ మామూలుగా ఇచ్చేది అర ఆంపియరు. దీనికి కావలసింది ఒకటి. మీరు దాచిన ప్లగ్గు మీదే ఉంటుంది చూడండి, 5 వోల్టులు, 1 ఆంపియరు అని. సగం కరెంటు పెడితే లోగో దాకా వస్తుంది, అలుగుతుంది, మళ్ళీ మొదటికి పోతుంది.

బెజవాడ: మగపెళ్ళివారి లాగా.

గుంటూరు: ...ఏమన్నారు వదినగారూ?

బెజవాడ: ప్లగ్గు తెస్తున్నానన్నాను.

గుంటూరు: ఇంకోటి, టీవీ ఆపినప్పుడల్లా యూఎస్‌బీలో కరెంటు కూడా పోతుంది. రోజూ పెట్టినప్పుడల్లా స్టిక్కు నిద్రలేచి మొహం కడుక్కుని వచ్చేసరికి సీరియల్లో టైటిళ్ళు అయిపోతాయి. పెట్టెలో ఒక పొట్టి వైరు కూడా ఉండాలే?

బెజవాడ: జానెడు వైరు దేనికి పనికొస్తుందని రబ్బరుబ్యాండు చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టాను.

గుంటూరు: అది హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండరు, స్టిక్కుకీ టీవీ సాకెట్‌కీ మధ్య తగిలించేది. స్టిక్కుని టీవీ వీపుకి అతికించినట్టు పెడితే టీవీ వేడంతా దానికే తగులుతుంది, వైఫై కూడా సరిగ్గా అందదు. పొట్టి వైరు తగిలిస్తే కాస్త పక్కకి వేలాడి ఊపిరి పీల్చుకుంటుంది. అందులోనూ మీ ఊరి ఎండ! మా గుంటూరులో మిరపకాయకే ఘాటు, ఇక్కడ గాలికి కూడా ఘాటే.

బెజవాడ: గాలి ఘాటైనా కృష్ణమ్మ నీళ్ళు చల్లనండీ. మజ్జిగ ఇమ్మంటారా?

(ప్లగ్గు గోడకెక్కింది. టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చారు. స్టిక్కు ఏ హెచ్‌డీఎంఐలో ఉందో, ఒకటో రెండో, చూసుకుని మార్చడానికి ఇద్దరికీ కలిపి ఆరు నిమిషాలు. స్టిక్కు రిమోట్‌లో సన్న సెల్లులు రెండింట్లో ఒకటి తలకిందులుగా పడింది. సరిచేసి హోమ్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే అప్పుడు మాట విన్నది.)

గుంటూరు: ఇప్పుడు వైఫై పాస్‌వర్డ్ చెప్పండి.

బెజవాడ: మనవడు పెట్టి వెళ్ళాడు. ఏదో పులి పేరు.

గుంటూరు: పోనీ రూటరు కింద స్టిక్కరు మీద మొదటిది ఉంటుంది...

బెజవాడ: మార్చేశాడుగా. అందుకే పులి.

గుంటూరు: సరే, నా ఫోన్లో హాట్‌స్పాట్ పెడతాను. ముందు యాప్ దించుకుందాం. మీ నెట్ వాళ్ళ టీవీ యాప్ ఫైర్ టీవీకి ఉందో లేదో కనుక్కున్నారా? కొందరిది ఆండ్రాయిడ్ టీవీకే ఉంటుంది. స్టిక్కు కొన్నాక తెలిస్తే లాభం లేదు.

బెజవాడ: మా అమ్మాయి చూసే పంపింది. ఉందట.

గుంటూరు: అదైనా చూసింది. రిమోట్ మీద మైకు గుర్తు నొక్కి పట్టుకుని యాప్ పేరు చెప్పండి.

బెజవాడ: (రిమోట్‌తో) నాయనా, కాస్త మా నెట్ వాళ్ళ టీవీ పెట్టి పుణ్యం కట్టుకో బాబూ.

గుంటూరు: పేరు ఒక్కటే చెప్పాలి వదినగారూ. బంధుత్వం కలపక్కర్లేదు.

(యాప్ దిగింది. మొబైల్ నంబరు అడిగింది.)

గుంటూరు: ఏ నంబరు మీద కనెక్షన్ తీసుకున్నారో అదే కొట్టాలి. మీదీ నాదీ పనికిరాదు.

బెజవాడ: అయితే మీ అన్నయ్యగారిది. ఆయన పటమట రైతుబజారుకెళ్ళారు. (ఫోన్లో) ఏవండీ, మీ ఫోనుకి ఆరంకెలు వచ్చాయి, చదవండి... ఏంటీ?... అయ్యో, నేనేనండీ!... (ఫోను పక్కకి తీసి) ఓటీపీ ఎవరికీ చెప్పద్దని బ్యాంకు వాళ్ళు మెసేజి పెట్టారట. చెప్పరట.

గుంటూరు: అన్నయ్యగారి జాగ్రత్త మంచిదే. కాని ఇది మనం అడిగి తెప్పించుకున్నది. అవతలివాడు ఫోన్ చేసి అడిగితే చెప్పకూడదు గాని...

బెజవాడ: నేను నేనే అని రుజువేంటి అంటున్నారు. పెళ్ళిరోజు చెప్పమన్నారు. చెప్పాను.

గుంటూరు: మరింకేం?

బెజవాడ: నేను చెప్పింది కరెక్టో కాదో ఆయనకి తెలియట్లేదు.

(ఈలోగా మొదటి ఓటీపీ గడువు దాటింది. రెండోది తెప్పించారు. ఆయన వంకాయల బేరం మధ్యలో అంకెలు చెప్పాడు. అందులో ఒకటి వంకాయల ధర. మూడోసారికి లోపలికి వెళ్ళారు. చానళ్ళ బొమ్మలన్నీ వరసగా వచ్చాయి. ఒకటి నొక్కితే తెర నల్లబడి ‘మీరు మా నెట్‌వర్క్‌లో లేరు’ అని వచ్చింది.)

బెజవాడ: అదేంటండీ! నెలనెలా డబ్బు కడుతున్నాం, లేరంటాడేంటి?

గుంటూరు: యాప్ పాడై ఉంటుంది. స్టిక్కు ఆపి పెడదాం. రిమోట్‌లో మధ్య బటను, ప్లే బటను కలిపి నొక్కి పట్టుకోండి, అయిదారు సెకన్లు... ఆ, మళ్ళీ మొదలైంది.

బెజవాడ: మళ్ళీ అదే మాట.

గుంటూరు: క్యాష్ తుడుద్దాం, అంటే యాప్ లోపల దాచుకున్న పాత సరుకు. సెట్టింగ్స్, అప్లికేషన్స్, ఇన్‌స్టాల్డ్ అప్లికేషన్స్... ఇందులో ఉన్న చోటే 8 జీబీ. అందులోనూ సిస్టమ్ తినగా మిగిలేదే మనకి. తుడుస్తూ ఉండాలి.

బెజవాడ: తుడిచినా లేరనే అంటున్నాడు. వదినగారూ, ఒక తెలివితక్కువ ప్రశ్న. ఇది ఇప్పుడు ఎవరి నెట్‌లో ఉంది?

గుంటూరు: నా హాట్...

(ఇక్కడ కాసేపు ఫ్యాను చప్పుడు మాత్రమే వినపడింది.)

బెజవాడ: గుంటూరు ఫోన్లోంచి వచ్చి బెజవాడ టీవీ చూపించమంటే వాడు మాత్రం ఏం చేస్తాడండీ పాపం!

గుంటూరు: సరేలెండి. ఈ యాప్ వాళ్ళ సొంత లైన్లోంచి వచ్చిన ఇంటికే చానళ్ళిస్తుంది. ఇంటి రూటరు మీద లేకపోతే ఒప్పుకోదు. నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ ఉన్నా అంతే. రూటరెక్కడ?

బెజవాడ: దేవుడి గదిలో. పులి పేరు కూడా గుర్తొచ్చింది. ఆ పేరులో మొదటిది పెద్దక్షరం.

(దేవుడి గది. రూటరు మీద కుంకుమ బొట్టు. పసుపు రంగు సన్న తీగని మేకుకి మూడు చుట్లు చుట్టి, పూలసజ్జ తగిలించి ఉంది.)

గుంటూరు: రామ రామ! వదినగారూ, ఇది తాడు కాదండీ, ఫైబరు. లోపల జుట్టు మందాన గాజు పోగు. అందులోంచి వచ్చేది కరెంటు కాదు, వెలుతురు. గట్టిగా మడిస్తే మలుపు దగ్గర బయటికి కారిపోతుంది. వెలుతురు బొత్తిగా అందకపోతే అదిగో, అక్కడ ఎల్‌ఓఎస్ అని ఉంది చూడండి, అది ఎర్రగా కొట్టుకుంటుంది. సగం సగం అందితే ఎర్రలైటు రాదు గాని బొమ్మ నత్తిగా వస్తుంది, మీరు కంపెనీని తిడతారు.

బెజవాడ: నిన్ననే తిట్టాను. పూలసజ్జ ఎక్కడ పెట్టుకోను మరి?

గుంటూరు: నా నెత్తిన పెట్టండి. ఈ తీగ చుట్ట కాఫీ సాసరంత వెడల్పుండాలి, తక్కువ కాదు.

(తీగ విప్పారు. ఇక వైఫై పేర్లు రెండు కనపడ్డాయి, ఒకదాని చివర 5జి అని ఉంది.)

బెజవాడ: 5జి పెట్టండి. పెద్ద నంబరు.

గుంటూరు: ఇది ఫోన్ 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్. వేగం ఎక్కువే గాని గోడలంటే దానికి భయం. దేవుడి గదికీ ముందుగదికీ మధ్య మీ మామగారి కాలం గోడలు రెండు. రెండోది పెడదాం, 2.4. హెచ్‌డీ చానలుకి 5 ఎంబీపీఎస్ వేగం నిలకడగా వస్తే చాలు. గంటకి రెండుంపావు జీబీ దాకా ఖర్చు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. నెలకి ఇన్ని జీబీలని హద్దుంటే, టీవీ చూసిందీ అందులో కలుపుతారా లేదా అని అడిగి రాసిపెట్టుకోండి.

(పులి పేరు కొట్టారు. యాప్ తెరిచారు. బొమ్మ వచ్చింది. మ్యాచి అప్పటికే మొదలైపోయింది.)

బెజవాడ: చానలు నంబరు కొట్టడానికి అంకెలేవీ, ఈ రిమోట్‌కి?

గుంటూరు: ఉండవు. వెతుక్కోవాలి. కూర్చోండి, మ్యాచి చూద్దాం.

(బెజవాడ వదిన సోఫా వదిలి గోడవారగా కుర్చీ జరుపుకుంది. గుంటూరు వదినకి ఫ్యాను కింద చోటిచ్చింది. మర్యాద అనుకున్నారామె.)

బెజవాడ: వదినగారూ, పందెం. ఈసారి ఫోరు.

గుంటూరు: ఎంత పందెం?

బెజవాడ: రాత్రి గిన్నెలు.

(బంతి పడింది. ఫోరు.)

బెజవాడ: ఇప్పుడు వికెట్టు. పందెం, గోంగూర జాడీ తిరిగి పట్టుకెళ్ళకూడదు.

గుంటూరు: ఖాళీ జాడీ నాది! మా అమ్మ ఇచ్చింది! సరే, కాయండి, చూద్దాం.

(ఆటగాడు గాల్లోకి లేపాడు. క్యాచ్.)

బెజవాడ: రేపు పెసరట్లు మీరు వేస్తారు. సిక్సరు.

(సిక్సరు.)

గుంటూరు: ఆగండి. పక్కింట్లో అరుపులేంటి? ...వాళ్ళది కేబులా?

బెజవాడ: ఏమోనండీ. గోడవతల సంగతులు నాకేం తెలుసు?

గుంటూరు: నాకు తెలుసు! కేబులులో బొమ్మ తిన్నగా వచ్చేస్తుంది. మనకి ఆటని కొన్నేసి సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. స్టిక్కు మూడు నాలుగు ముక్కలు పోగుచేసుకుని గాని ఆడించదు, మధ్యలో ఆగకుండా ఉండాలని. అందుకే మనం అరనిమిషం దాకా వెనకబడతాం. మీరు గోడకి చెవి ఆనించి...

బెజవాడ: చెవి నాది, గోడ నాది. లైను కూడా నాదే, మీ ఫోనుది కాదు. పందెం పందెమే వదినగారూ.

గుంటూరు: జరగండి. నాకూ కాస్త చోటివ్వండి అక్కడ.

(ఇద్దరూ గోడకి చెవులు ఆనించి కూర్చున్నారు. కూరగాయల సంచితో ఆయన వచ్చాడు.)

ఆయన: వచ్చిందా టీవీ? స్కోరెంత?

బెజవాడ: ఎవరికీ చెప్పద్దన్నారండీ.