చేయి తప్పింది సరే, గాడి ఎందుకు తెరిచి ఉంది?

ఎడమ వైపు స్టీరింగ్ ఉన్న ఒక స్పోర్ట్స్ కారు మూడో గేరులో దూసుకుపోతోంది, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు హద్దును సూచించే ఎర్ర గీతను తాకబోతోంది. డ్రైవరు క్లచ్ తొక్కి గేర్ రాడ్డును వెనక్కి లాగాలి. తిన్నగా లాగితే నాలుగో గేరు పడుతుంది. మలుపులో ఒళ్లు ఒరిగి, పిడికిలి బిగుసుకుని, లాగే చేయి కాస్త తన వైపుకు వచ్చిందంటే రెండో గేరు పడుతుంది. ఆ గేర్లు పడేందుకు రాడ్డు దిగే రెండు గాడులూ వెనక వైపే ఉన్నాయి, వాటి మధ్య ఎడం రెండు మూడు వేళ్ల వెడల్పే. క్లచ్ వదిలితే గానీ ఏ గేరు పడిందో అతనికి తెలియదు. తెలిసేసరికి వెనక చక్రాలు పట్టేసి ఉంటాయి, ఇంజిన్ అంతకు ముందెన్నడూ వినని గొంతుతో అరిచి ఉంటుంది.

ఒక్క పొరపాటుకు ఇంజిన్ ఖరీదంతా చెల్లించాల్సి వస్తుంది కనుక దీనికి మనీ షిఫ్ట్ అనే పేరు స్థిరపడింది. అది జరిగిన ప్రతిసారీ విచారణ ఒకే దిక్కుకు సాగుతుంది: డ్రైవరుకు నేర్పు లేదు, తొందరపడ్డాడు, రాడ్డును పట్టుకోవలసిన తీరు తెలియదు. ఈ తీర్పు తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ వేగంలో ఆ గేరు పడితే ఇంజిన్ బతకదని తెలిసి కూడా ఆ గాడిని తెరిచి ఉంచినవారిదే మొదటి బాధ్యత.

రెవ్ లిమిటర్ ఉంది కదా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. ఇంజిన్ తన సొంత బలంతో హద్దు దాటబోయినప్పుడు ఇంధనాన్నో స్పార్కునో ఆపి నిలువరించడం దాని పని. ఇక్కడ ఇంజిన్‌ను తిప్పుతున్నవి చక్రాలు. వెయ్యి కిలోలకు పైబడిన కారు తన వేగాన్నంతా గేర్‌బాక్స్ గుండా వెనక్కి తోస్తుంటే ఇంధనం ఆపినా ఆపకున్నా ఒకటే.

దీని తీవ్రత తెలియాలంటే హోండా ఎస్2000 మొదటి తరం కారును లెక్కలోకి తీసుకుంటే చాలు. 1999లో వచ్చిన ఆ 2 లీటర్ల ఇంజిన్ ఎర్ర గీత 9,000 ఆర్‌పీఎం. దాని గేర్ నిష్పత్తులు రెండుకు 2.045, మూడుకు 1.481, నాలుగుకు 1.161. మూడో గేరులో 9,000 దగ్గర ఉన్న కారుకు నాలుగు పడితే ఇంజిన్ సుమారు 7,050కి దిగి ఊపిరి పీల్చుకుంటుంది. నాలుగుకు బదులు రెండు పడితే అదే ఇంజిన్‌ను చక్రాలు 12,400 వైపు ఈడ్చుకుపోతాయి. క్లచ్ జారడం వల్లనో టైర్లు పట్టు కోల్పోవడం వల్లనో నిజంగా అంత ఎత్తుకు చేరకపోవచ్చు, కానీ లెక్క చూపే గమ్యం అది. పిస్టన్‌ను ఆపి మళ్లీ వెనక్కి లాగడానికి కావలసిన బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది కనుక, ఆర్‌పీఎం 38 శాతం పెరిగితే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డు మీదా దాని బోల్టుల మీదా పడే లాగుడు దాదాపు 1.9 రెట్లవుతుంది.

అంతకంటే ముందు చేతులెత్తేసేవి సాధారణంగా సిలిండరు తలుపుల్లాంటి వాల్వులను మూసే వాల్వ్ స్ప్రింగులు. వాల్వును తెరిచే కామ్ ఎంత వేగంగా తిరిగితే వాల్వ్ అంత వేగంగా మూసుకోవాలి. ఒక హద్దు దాటాక స్ప్రింగుకు ఆ పని శక్తికి మించిపోయి వాల్వ్ గాల్లోనే ఉండిపోతుంది, కింది నుంచి పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. అలాంటి ఇంజిన్‌ను విప్పినప్పుడు పిస్టన్ తల మీద నెలవంక ఆకారంలో నొక్కులు కనిపిస్తాయి. వాల్వ్ కాడ వెంట్రుక మందం వంగినా చాలు, ఇక సరిగా మూసుకోదు, ఆ సిలిండరు కంప్రెషన్ పోతుంది. బయటికి ఏమీ కాకుండా ఇంటికి చేరిన కారులో సాగిన కనెక్టింగ్ రాడ్ బోల్టు ఎప్పుడు తెగుతుందో చెప్పడం కష్టం. పెడల్ వదలకుండా పట్టుకున్నా ప్రమాదం పూర్తిగా తప్పదు, ఎందుకంటే తప్పు గేరు పడిన క్షణం నుంచి క్లచ్ ప్లేటు ఆ భయంకరమైన వేగంతోనే తిరుగుతుంది, అది పగిలి ముక్కలయ్యే అవకాశమూ ఉంది.

చేయి ఎందుకు తప్పుతుందన్నది కూడా అందరూ అనుకున్నంత సరళం కాదు. రాడ్డును వదిలేస్తే స్ప్రింగులు దాన్ని మూడు, నాలుగు గేర్ల వరుసలోకి తెస్తాయి. అందుకే గట్టిగా పట్టుకోకుండా అరచేత్తో మెత్తగా తోయాలని శిక్షకులు చెబుతారు, అది మంచి సలహానే. అయితే ఆ స్ప్రింగులు కాలక్రమంలో సడలుతాయి, ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు అరుగుతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడో గట్టి మలుపులోనో ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసి కదులుతాయి, నిన్నటి వరకు చేతికి అలవాటైన గాడి ఆ క్షణంలో కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. అరిగిన రబ్బరు చేసిన పనికి కూడా మనం డ్రైవరునే నిందిస్తున్నాం.

తయారీదారులు ఈ ప్రమాదాన్ని ఎరగనివారు కారు. ఎంత బాగా ఎరుగుదురో పోర్షా ఉదాహరణ చాలు. 997 తరం 911 కార్ల ఇంజిన్ కంప్యూటరు హద్దు దాటిన ఆర్‌పీఎంను ఆరు శ్రేణులుగా విభజించి, ఒక్కో శ్రేణిలో ఎన్ని ఇగ్నిషన్లు జరిగాయో, చివరిసారి ఇంజిన్ ఎన్ని గంటలు నడిచాక జరిగిందో దాచిపెడుతుంది. కింది శ్రేణులు లిమిటర్‌ను తాకినా నమోదవుతాయి, పై శ్రేణులకు చేరాలంటే తప్పు గేరు పడాల్సిందే. పాత 911 కొనేవారు ముందుగా అడిగేది ఈ నివేదికనే. పాతకాలపు రేసు కార్ల ఆర్‌పీఎం మీటర్లలోనూ అత్యధిక స్థాయి దగ్గర ఆగిపోయే రెండో ముల్లు ఉండేది, పందెం ముగిశాక మెకానిక్ దాన్ని చూసి డ్రైవరును నిలదీసేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమైనా ఇంతకంటే నయం, ఇక్కడ చేతులు ఏ నిమిషానికి కాలాయో రాసిపెట్టుకోవడంతోనే సరిపెడుతున్నారు.

ఆపడం సాధ్యం కాదా అంటే, అసలు విషయం ఇక్కడే ఉంది. 1989లో షెవ్రొలే కార్వెట్‌కు ఆరు గేర్ల మాన్యువల్ పెట్టినప్పుడు దానికొక సోలినాయిడ్, అంటే కరెంటుతో కదిలే చిన్న అడ్డుగడ, జోడించారు. ఇంజిన్ వేడెక్కాక, నెమ్మదైన వేగంలో, యాక్సిలరేటర్ కొద్దిగానే తొక్కి ఒకటో గేరు నుంచి రెండుకు లాగబోతే ఆ సోలినాయిడ్ అడ్డుపడి రాడ్డును నాలుగో గాడిలోకి మళ్లిస్తుంది. అమెరికా ప్రభుత్వ మైలేజీ పరీక్షలో మంచి అంకె రావాలి, ఎక్కువ ఇంధనం తాగే కార్ల మీద వేసే పన్ను తప్పాలి, అందుకోసం చేసిన ఏర్పాటది. మళ్లీ చూడండి: కంప్యూటరు ఆజ్ఞతో రెండో గేరు గాడిని మూసేసే యంత్రాంగం మాన్యువల్ స్పోర్ట్స్ కారులో 1989 నాటికే ఉంది. ముందుకు పోతున్న కారులో రివర్స్ పడకుండా అడ్డుకునే సోలినాయిడ్ ట్రెమెక్ టీ-56 వంటి గేర్‌బాక్సుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తోంది. చక్రాల వేగం, బ్రేకు వేసినప్పుడు అవి పట్టేయకుండా చూసే ఏబీఎస్‌కు ఎలాగూ తెలుసు. రాడ్డు ఎటు కదులుతోందో కూడా కారుకు తెలుసు, నిస్సాన్ 370జెడ్ 2009 మోడల్ నుంచి ఆ సమాచారం ఆధారంగానే గేరు దించేటప్పుడు తనంతట తాను ఆర్‌పీఎం సరిపెట్టుకుంటోంది. కావలసిన ముక్కలన్నీ అరలో ఉన్నాయి. తమ మైలేజీ అంకె కోసం మూసిన గాడిని కొనుగోలుదారు ఇంజిన్ కోసం మూయడానికి తయారీదారులకు మనసు రాలేదు.

మాన్యువల్ గేరును ప్రేమించేవారి అభ్యంతరం నాకు తెలుసు, దాన్ని గౌరవిస్తాను. 2013లో పోర్షా 911 జీటీ3 కేవలం పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చినప్పుడు వారు పడిన బాధ నిజమైనది, ఆ బాధ వల్లనే 2016లో మాన్యువల్‌తో 911 ఆర్, మరుసటి ఏడాది మాన్యువల్ జీటీ3 వచ్చాయి. తప్పు చేయగలిగే స్వేచ్ఛ లేకపోతే ఒప్పు చేసిన తృప్తి ఉండదని వారంటారు. కానీ నేను అడిగే తాళం ఒక్క సరైన షిఫ్టుకైనా అడ్డురాదు. రెండో గేరులో ఇంజిన్ ఎర్ర గీతను దాటిపోయే వేగం ఉన్నంతసేపు మాత్రమే ఒకటి, రెండు గేర్ల వైపు దారి మూసుకుంటుంది, కరెంటు పోతే తెరుచుకుంటుంది. రివర్స్‌కు తాళం ఉన్నందుకు డ్రైవింగ్ ఆనందం పోయిందని ఎవరూ వాపోలేదు.

ఈ సంగతి విమానాల్లో ఎప్పుడో తేలిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక రన్‌వే మీదే చక్రాలు ముడుచుకుని కూలబడేవి. పైలట్ తప్పిదమనే రాశారు. మనస్తత్వ శాస్త్రవేత్త అల్ఫాన్స్ చపానిస్ కాక్‌పిట్‌లోకి తొంగి చూస్తే, రెక్కల అంచున ఉండే ఫ్లాప్స్‌ను కదిపే మీట, చక్రాల మీట ఒకే ఆకారంలో పక్కపక్కనే ఉన్నాయి. అలసిన పైలట్ ఒకదానికి బదులు మరొకటి నొక్కుతున్నాడు. ఆయన చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారాన్ని, ఫ్లాప్స్ మీటకు రెక్క అంచులాంటి ఆకారాన్ని అతికించాడు, ఆ పొరపాట్లు ఆగిపోయాయి. నేటి విమానాల్లోనూ ల్యాండింగ్ గేర్ మీట పిడి చక్రం ఆకారంలోనే ఉంటుంది. విమాన రంగం అప్పట్లోనే పైలట్‌ను తిట్టడం ఆపి మీటను మార్చింది. గేర్ రాడ్డు విషయంలో మనం ఇంకా ఆ మొదటి నివేదిక దగ్గరే ఆగిపోయాం.

కాబట్టి కొత్త మాన్యువల్ స్పోర్ట్స్ కారు విడుదలైనప్పుడు, ఎర్ర గీత ఎంత, వేగం ఎంత అని అడిగేవారంతా ఒకటి, రెండు గేర్ల వైపు తాళం ఉందా అని కూడా అడగాలి. లేదన్న తయారీదారు ఆర్‌పీఎం నమోదును చూపి వారంటీ నిరాకరించడానికి వీల్లేదు. ఆ నమోదు కూడా సర్వీస్ సెంటరు కంప్యూటరులో దాగి ఉండకుండా, కారు డాష్‌బోర్డు మీదే యజమానికి కనబడాలి.