ఉరి ఉరి అని అరిచేముందు ఆ తీర్పులో సెక్షన్ ఏమిటో చదవండి

ఒక పోలీసు అధికారిని కోర్టు దోషిగా తేల్చి, శిక్ష ఎంతో చెప్పడానికి ఇంకో వాయిదా వేసిందనుకోండి. ఈ మధ్యలో మన ఫోన్లలో నడిచేది చూస్తే కడుపు రగిలిపోతోంది. సగం మంది 'ఉరి తీయాల్సిందే' అంటారు. మిగతా సగం మంది 'డ్యూటీ చేసినవాడికి ఇదా బహుమతి, రేపటి నుంచి ఏ పోలీసు లాఠీ పడతాడు' అంటారు. బెజవాడ బీసెంట్ రోడ్డులో నిలబడ్డా ఇవే మాటలు, గుంటూరు అరండల్‌పేటలో టీ తాగుతున్నా ఇవే మాటలు. ఏ సెక్షన్ కింద దోషి అన్నారని మాత్రం ఒక్కరూ అడగరు.

శిక్షకు పైహద్దు ఉండేది ఆ సెక్షన్‌లోనే. లాకప్‌లో మనిషి చనిపోయిన కేసే తీసుకోండి. హత్య అని తేలితే పాత శిక్షాస్మృతి ఐపీసీలో 302, దాని బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 103. యావజ్జీవం లేదా మరణశిక్ష, అంతకు తగ్గించే అధికారం జడ్జికి లేదు. నేరం ఒప్పించడానికి కొట్టి గాయపరిచారు అన్నంతవరకే రుజువైతే 330, దానికి గరిష్ఠం 7 ఏళ్లు. ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే 331, గరిష్ఠం 10 ఏళ్లు. కొత్త చట్టంలో ఈ రెండూ కలిసి 120లోకి వచ్చాయి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరమైతే పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. మనిషి ప్రాణం పోయినా తీర్పు 330 దగ్గర ఆగిందంటే, రాష్ట్రమంతా రోడ్డెక్కినా ఆ సెక్షన్ కింద ఎనిమిదో ఏడు పడదు.

నాగ్‌పూర్ కేసు గుర్తుందా? 1993లో కస్టడీలో ఒక మనిషి చనిపోయాడు. పోలీసులకు 330 కింద పడిన 3 ఏళ్ల శిక్షను సుప్రీంకోర్టు 7 ఏళ్లకు, అంటే ఆ సెక్షన్‌లో ఉన్న చివరి అంచుకు పెంచింది. అది 2018 సెప్టెంబరులో. పాతికేళ్లు పట్టింది. ఆ తీర్పు రాసింది మన పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి.రమణ గారు. అధికారం ఎక్కువ ఉన్నవాడికి బాధ్యత ఇంకా ఎక్కువ అని అందులో స్పష్టంగా చెప్పారు. అంత గట్టిగా చెప్పిన సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్ కింద ఏడేళ్లు దాటలేకపోయింది.

హత్య కేసు 330కి ఎందుకు జారిపోతుంది? స్టేషన్ నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షులు పోలీసులే కాబట్టి. మనిషిని రాత్రి పట్టుకొచ్చి స్టేషన్ రోజువారీ రికార్డు అయిన జనరల్ డైరీలో పొద్దున అరెస్టు చేసినట్టు రాస్తారు. ఆ మధ్య గంటలకు కాగితం మీద ఉనికే ఉండదు, దెబ్బలు తగిలేది మాత్రం ఆ గంటల్లోనే. అరెస్టు మెమోలో తేదీ, సమయం ఉండాలని, దాని మీద కుటుంబసభ్యుడో ఊళ్లో పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలని, కస్టడీలో ప్రతి 48 గంటలకు వైద్య పరీక్ష జరగాలని డి.కె.బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పరంవీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 18 నెలలు భద్రపరచాలని, ఎలాగూ కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. కావలసిన రోజున మాత్రం కెమెరా పనిచేయలేదంటారు, హార్డ్ డిస్క్ నిండిపోయిందంటారు. అందుకే కస్టడీలో మరణం జరిగిన మొదటి వారంలోనే ఫుటేజీ భద్రపరచమని మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయాలి. పోస్టుమార్టం వీడియో తీయాలని పట్టుబట్టాలి. జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణలో కుటుంబం వాంగ్మూలం నమోదయ్యేలా చూసుకోవాలి. ఆ వారం జారిపోతే ఏళ్ల తర్వాత శిక్ష రోజున చింతించి లాభం లేదు.

అమెరికాలో మినియాపొలిస్ నగరంలో జరిగిన జార్జ్ ఫ్లాయిడ్ కేసు చూడండి. 2020 మే 25న ఒక పోలీసు అధికారి 9 నిమిషాల 29 సెకన్లు అతని మెడ మీద మోకాలు పెట్టి నొక్కాడు. పోలీసుల మొదటి ప్రకటనలో ఆ మాటే లేదు. అదుపులోకి తీసుకున్న మనిషికి ఆరోగ్యం బాగోలేక చనిపోయినట్టు ఉంది. పదిహేడేళ్ల అమ్మాయి ఫోన్‌తో తీసిన వీడియో బయటికి రాకపోతే ఆ ప్రకటనే చరిత్ర అయ్యేది. 2021 ఏప్రిల్ 20న జ్యూరీ ఆ అధికారి డెరెక్ షావిన్‌ను మూడు నేరాల్లోనూ దోషి అంది. బెయిల్ అక్కడికక్కడే రద్దయి చేతులకు బేడీలు పడ్డాయి. శిక్ష మాత్రం జూన్ 25న, అంటే 66 రోజుల తర్వాత.

ఆ 66 రోజుల్లో అక్కడ పని జరిగింది, మన వాళ్లు గమనించాల్సింది దాన్నే. పెద్ద నేరానికి చట్టంలో గరిష్ఠం 40 ఏళ్లు. పాత నేరచరిత్ర లేనివాడికి ఆ రాష్ట్ర మార్గదర్శకాల ప్రకారం పడేది పన్నెండున్నరేళ్లు. ప్రాసిక్యూషన్ 30 ఏళ్లు అడిగింది. డిఫెన్స్ జైలే వద్దు, బయటే ఉంచి పర్యవేక్షించే ప్రొబేషన్ చాలు అంది. మార్గదర్శకం దాటి పెంచాలంటే ప్రత్యేక కారణాలు రుజువు కావాలి. జడ్జి పీటర్ కాహిల్ మే నెలలోనే నాలుగు కారణాలు రుజువయ్యాయని రాతపూర్వకంగా చెప్పాడు. అధికార దుర్వినియోగం, క్రూరత్వం, పిల్లలు చూస్తుండగా చేయడం, మరో ముగ్గురితో కలిసి గుంపుగా చేయడం. చివరికి ఇరవై రెండున్నరేళ్లు వేసి, ఎందుకు వేశాడో 22 పేజీల్లో రాశాడు. భావోద్వేగాన్ని బట్టీ, జనాభిప్రాయాన్ని బట్టీ ఈ శిక్ష వేయడం లేదని కోర్టులోనే చెప్పాడు. పన్నెండున్నర నుంచి ఇరవై రెండున్నర దాకా పెరిగిన ఆ పదేళ్లు నినాదాలతో రాలేదు, రుజువు చేసిన కారణాలతో వచ్చాయి.

మన దగ్గర ఏం జరుగుతుంది? కోర్టుల విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 235(2), దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 258 ప్రకారం దోషి అని తేల్చాక శిక్ష మీద ముద్దాయి మాట వినే తీరాలి. విడిగా వినకపోతే శిక్ష నిలవదని సంతాసింగ్ కేసులో 1976లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చాలాచోట్ల జరిగేది ఇదీ: పొద్దున దోషి అంటారు, 'శిక్ష గురించి ఏమన్నా చెప్పుకుంటావా' అని అడుగుతారు, 'ముసలి తల్లిదండ్రులున్నారు, చిన్నపిల్లలున్నారు' అంటాడు, మధ్యాహ్నానికి శిక్ష పడిపోతుంది. పోలీసు ముద్దాయి అయితే ఆ మాటల పక్కన కాగితాలు కూడా ఉంటాయి. సర్వీసు రికార్డు, పతకాలు, ప్రశంసాపత్రాలు, ఇదే మొదటి నేరం అనే వాదన, ఇన్నేళ్లు విచారణ ఎదుర్కొన్నాడనే జాలి. అవన్నీ ఫైల్లో చేరిపోతాయి. చనిపోయిన మనిషి తరఫున ఆ ఫైల్లో ఒక్క కాగితం ఉండదు. నాకు మండేది ఇక్కడే!

కాబట్టి పోస్టులు పెట్టేవాళ్లంతా ఒక్కసారి ఆ కుటుంబం దగ్గరికెళ్లండి. సీఆర్‌పీసీ 24(8), ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 18(8) కింద బాధితులు ప్రాసిక్యూషన్‌కు సాయంగా సొంత వకీలును పెట్టుకోవచ్చు. కోర్టు అనుమతిస్తే ఆ వకీలు రాతపూర్వక వాదన దాఖలు చేయవచ్చు. ప్రభుత్వ వకీలును, అంటే పీపీని పక్కకు నెట్టి సొంతంగా నోటితో వాదించడానికి మాత్రం హక్కు లేదు. పీపీ ద్వారానే నడవాలి, ఆయనతో తగువు పెట్టుకుంటే పని చెడుతుంది. వాయిదా ముందురోజు సాయంత్రం వెళ్లి బతిమాలితే ఆయన చేతిలో ఏమీ ఉండదు. కనీసం రెండుమూడు రోజుల ముందే కాగితం టైపు చేయించి, పీపీకి ఒకటి, కోర్టుకు ఒకటి, డిఫెన్సుకు ఒకటి సిద్ధంగా పెట్టుకోవాలి.

ఆ కాగితంలో ఏడుపు రాయకండి. అవతలి మనిషి దుర్మార్గుడని పేజీలు నింపకండి. చనిపోయినవాడి వయసు, నెలకు ఎంత సంపాదించేవాడు, ఆ సంపాదన మీద ఎంతమంది బతికేవారు, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల స్కూలు ఫీజు రసీదులు, వైద్యానికి అయిన బిల్లులు తేదీల వరసలో పెట్టండి. తర్వాత నేరం బరువు పెంచే అంశాలను సాక్ష్యం నంబర్లతో సహా రాయండి. చనిపోయినవాడు పారిపోలేని స్థితిలో ఉన్నాడా, ఎంతమంది కలిసి కొట్టారు, ఎంతసేపు, ఆసుపత్రికి తీసుకెళ్లడం ఎందుకు ఆలస్యమైంది, డైరీ దిద్దారా, సాక్షులను బెదిరించారా. 'పీడబ్ల్యూ 7 సాక్ష్యం, ఎగ్జిబిట్ పీ 12' అని, అంటే ప్రాసిక్యూషన్ ఏడో సాక్షి, పన్నెండో పత్రం అని చూపిస్తే జడ్జి దాన్ని తీర్పులోకి ఎత్తి రాసుకోగలడు. సాక్ష్యంలో లేని సంగతి రాస్తే మిగతాదానికి కూడా విలువ పోతుంది. సర్వీసు పతకాలకు జవాబు కూడా అందులోనే ఉండాలి. చట్టం ఏమిటో శిక్షణ తీసుకుని మరీ తెలుసుకున్నవాడు, జనం సొమ్ముతో జీతం తీసుకున్నవాడు చేసిన నేరం ఇది. పతకం శిక్ష తగ్గించడానికి ఎలా కారణమవుతుందో అటువైపు వాళ్లను చెప్పమనండి.

ఇక 3 ఏళ్ల లెక్క. ముద్దాయి అప్పటిదాకా బెయిలు మీద ఉండి, పడిన శిక్ష 3 ఏళ్లు దాటకపోతే, ప్రత్యేక కారణాలుంటే తప్ప అదే కోర్టు అప్పీలు వేసుకోవడానికి అతన్ని బెయిలు మీద వదలాలి. అంటే సాయంత్రానికి ఇంటికెళ్లి భోజనం చేస్తాడు. 'పోలీసుకు మూడేళ్ల జైలు' అని పేపర్లో చదివి చప్పట్లు కొట్టిన జనానికి ఈ ముక్క తెలియదు. శిక్ష అంతకు మించితే నేలపాడులో హైకోర్టుకు వెళ్లి శిక్ష నిలుపుదల అడుగుతాడు. పదేళ్లు, అంతకు పైబడిన శిక్ష అయితే వదిలేముందు పీపీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి. ఆ పిటిషన్ ఎప్పుడు వచ్చిందో కుటుంబానికి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే సీఎన్ఆర్ నంబరుతో కింది కోర్టు కేసు, ముద్దాయి పేరుతో హైకోర్టు కేసు వెతుక్కుంటూ ఉండాలి. జనం మరిచిపోయిన మూడో నెలలోనో నాలుగో నెలలోనో అది జరిగిపోతుంది.

శిక్ష తక్కువైందని బాధితులే అప్పీలు వేయొచ్చనుకుంటారు చాలామంది. వేయలేరు. నిర్దోషి అన్నా, చిన్న నేరానికి మాత్రమే దోషి అన్నా, పరిహారం చాలకపోయినా వేయొచ్చు. శిక్ష పెంచమని అప్పీలు చేసేది ప్రభుత్వం మాత్రమే అని 2020లో పర్వీందర్ కన్సల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దర్యాప్తు సీబీఐది అయితే ఆ ప్రభుత్వం కేంద్రం. కోల్‌కతా వైద్యురాలి కేసులో ఇదే జరిగింది. పోలీసుల దగ్గర సివిక్ వాలంటీరుగా పనిచేసినవాడిని 2025 జనవరి 18న దోషి అన్నారు, 20న చనిపోయేదాకా జైలు అన్నారు. ఉరి వేయమని బెంగాల్ ప్రభుత్వం వేసిన అప్పీలు చెల్లదని, సీబీఐ వేసింది చెల్లుతుందని హైకోర్టు చెప్పింది. మీరు నిజంగా శిక్ష పెరగాలని కోరుకుంటే అర్జీ పెట్టాల్సింది అప్పీలు వేసే అధికారం ఉన్న ప్రభుత్వానికి. కొవ్వొత్తులు వెలిగించడం తర్వాత చూసుకోవచ్చు.

ఉరి అని అరిచేవాళ్లను ఇంకో మాట అడగాలి. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపినప్పుడు పోలీసుల మీద పూలు చల్లింది మనమే కదా? కాల్పులు చంపాలనే ఉద్దేశంతోనే జరిగాయని, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. పొలంలో చంపితే పూలు, స్టేషన్లో చంపితే ఉరి ఎలా అవుతుంది? విచారణ లేకుండా చంపవచ్చని పోలీసుకు ధైర్యం ఇచ్చింది ఆ పూలే.

దోషి అన్న మాటే ఆఖరి మాట కాదనడానికి బెజవాడ వాళ్లకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో 2010లో ఇక్కడి కోర్టు ఒక యువకుడిని దోషి అంది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్లు జైల్లో ఉన్నాడు. శిక్ష మీద ముద్దాయి మాట వినాలనే నియమం అందరికీ ఉండాలి, పోలీసు ముద్దాయికి కూడా. ఆ విచారణ సరిగ్గా జరగని శిక్షను హైకోర్టులో పడగొట్టడం తేలిక. నష్టపోయేది మళ్లీ ఆ కుటుంబమే.

'పోలీసుల మనోధైర్యం దెబ్బతింటుంది' అనేవాళ్లకు జవాబు మినియాపొలిస్‌లోనే ఉంది. షావిన్‌కు వ్యతిరేకంగా బోనెక్కి, ఇది మా శిక్షణా కాదు మా పద్ధతీ కాదు అని చెప్పింది ఆ నగర పోలీసు చీఫే. మన దగ్గర కూడా నోరు విప్పే కానిస్టేబుల్ ఉంటేనే లాకప్ కేసు నిలబడుతుంది. మనోధైర్యం గురించి బెంగ ఉంటే ఆ కానిస్టేబుల్‌ను శిక్షగా దూరం బదిలీ చేయకుండా చూడమని అడగండి.

చివరిగా డబ్బు సంగతి, కుటుంబాలు ఎక్కువగా మోసపోయేది ఇందులోనే. జరిమానాలోంచి ఇంత బాధితులకు ఇవ్వాలని తీర్పులో రాస్తారు. అప్పీలు పడితే ఆ అప్పీలు తేలేదాకా ఆ డబ్బు చేతికి రాదు. అందుకే శిక్ష రోజునే సీఆర్‌పీసీ 357ఏ, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 396 కింద ప్రభుత్వ నిధి నుంచి పరిహారానికి సిఫారసు చేయమని ఆ రాతపూర్వక వాదనలోనే విడిగా అడగాలి. సిఫారసు అందాక జిల్లా న్యాయ సేవాధికార సంస్థ రెండు నెలల్లో విచారణ పూర్తి చేయాలి. తీర్పు కాపీ ముద్దాయికి ఉచితంగా ఇస్తారు, బాధితులు మాత్రం సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు తీర్పు వచ్చిన రోజే, కోర్టు మూసేలోపు పెట్టండి.