అండర్ బ్రిడ్జి లోతు మ్యాప్‌కు తెలియదు

తిరుపతిలో గట్టి వాన పడితే బండి తీసే ముందు ఆలోచించాల్సింది ఒక్కటే, ఏ అండర్ బ్రిడ్జి కింద నుంచి పోకూడదు అని. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చేశాయి. అటు నుంచి ఇటు రావాలంటే ఫ్లైఓవర్ ఎక్కాలి, లేదంటే పట్టాల కింద దూరాలి. దూరే చోట రోడ్డు పల్లంలో ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల వీధుల నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. ఇక్కడ ఆటో నడిపే ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. "ఇప్పుడు ఆ పక్క పోవద్దు సామీ, చుట్టు తిరిగి పోదాం" అంటే డబ్బులు ఎక్కువ అడగడానికేమో అని యాత్రికులు అనుమానంగా చూస్తారు, చేతిలో ఫోన్ మాత్రం నేరుగా వెళ్లమనే చూపిస్తుంటుంది.

2021 అక్టోబరులో ఒక వాన రాత్రి వెస్ట్ చర్చ్ దగ్గర అండర్ బ్రిడ్జిలో కర్ణాటక నుంచి వచ్చిన యాత్రికుల వాహనం నీళ్లలో చిక్కుకుంది. ఒక యువతి చనిపోయింది. ఆ దారిలో రోజూ తిరిగేవాళ్లకు అక్కడ నీళ్లు నిలుస్తాయని తెలుసు. దర్శనానికి వచ్చిన కొత్తవాళ్లకు ఆ చీకట్లో ఎవరు చెప్పాలి? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మ్యాప్ ఎందుకు చెప్పదో చూద్దాం. దారి చూపించే సాఫ్ట్‌వేర్‌కు రోడ్డంటే ఒక గీత. గీత పొడవెంత, దాని మీద ఎంత వేగంగా పోవచ్చు, వన్‌వేనా కాదా, ప్రధానంగా వీటిని లెక్కేసి దారి తీస్తుంది. మరి ఎత్తుపల్లాలు? ఉచితంగా దొరికే మ్యాప్ పనిముట్లు చాలావాటిలో వాడే ఎత్తుల సమాచారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచి తెచ్చినది. సుమారు 30 మీటర్ల గడికి ఒక ఎత్తు ఉంటుంది. శేషాచలం కొండ అందులో బాగానే కనిపిస్తుంది గానీ, పట్టాల కింద రెండు లారీల వెడల్పున్న గుంట కనిపించదు, పైనుంచి చూసే రాడార్‌కు అక్కడ పట్టాలున్న కట్టే నేల. అంటే మన ప్రాణం మీదికి తెచ్చే ఆ కొద్దిపాటి లోతు ఆ లెక్కల్లోకి రానే రాదు.

అందుకే సొంతంగా ఒక చిన్న పని మొదలుపెట్టాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004లో మొదలైన మ్యాప్ ఉంది, ఎవరైనా దిద్దవచ్చు, అందులోని సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. దాన్నుంచి తిరుపతిలో పట్టాల కింద నుంచి వెళ్లే రోడ్లను ఏరుకుని, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొంత, వెబ్ పేజీలో మ్యాప్ చూపించే లీఫ్‌లెట్ అనే పనిముట్టుతో కొంత చేసి, తెలుగు పేర్లతో ఒక పేజీ తయారు చేసుకున్నాను. ఇంట్లో కూర్చుని చేసేది రెండు సాయంత్రాల్లో అయిపోయింది. అసలు పని బయట ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఇంకో మ్యాప్ చూసి కాపీ కొట్టకూడదు, మనం కళ్లారా చూసినదో, వాడుకునే అనుమతి ఉన్నచోట నుంచి తీసుకున్నదో మాత్రమే ఎక్కించాలి. ఈ నియమం నాకు చాలా నచ్చింది. ఆదివారం టేపు పట్టుకుని బండి మీద బయల్దేరితే, ఒకచోట టీ కొట్టాయన నేనేం చేస్తున్నానో అడిగి, కొట్టు వదిలేసి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి "ఇక్కడిదాకా వచ్చిండాయి నీళ్లు" అని చూపించాడు. కొలిస్తే నా ఛాతీ దాకా ఉంది. ఏ ఉపగ్రహమూ ఇవ్వలేని అంకె అది, ఆయన దగ్గర ఎప్పట్నుంచో ఉంది, అడిగినవాళ్లే లేరు.

ఇందులో చిక్కు లేకపోలేదు. ఈ రోజు నీళ్లున్నాయి, రేపు ఉండవు లాంటి తాత్కాలిక సంగతులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టకూడదు. ఈ చోటు మునుగుతుంటుంది అని రాయడానికి 'ఫ్లడ్ ప్రోన్' అనే గుర్తు ఉంది, అది వాడవచ్చు. దాన్ని చూసి దారి మార్చే యాప్ మాత్రం నేను వాడినవాటిలో ఒక్కటీ లేదు. అందుకని యాప్‌ల కోసం కాచుకోకుండా, నగరపాలక సంస్థ ప్రతి అండర్ బ్రిడ్జి గోడ మీదా అడుగు అడుగుకూ గీత గీసి పెద్ద అంకెలు రాయించాలి, రాత్రి హెడ్‌లైట్ పడితే మెరిసే రంగుతో. అంకెలు కన్నడిగుడూ చదువుతాడు, తమిళుడూ చదువుతాడు, భాష అడ్డం రాదు. లోతుల జాబితా అందరికీ తెరిచి పెడితే నాలాంటివాళ్లు మిగతా పని చేసుకుంటారు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ మీ ఇంటి దగ్గర ఇలాంటి పల్లం ఉంటే, వాన వెలిశాక గోడ మీద తడి గీత ఆరకముందే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. పక్కన సైకిలో, కర్రో, ఎత్తు తెలిసిన వస్తువు ఏదో ఒకటి నిలబెట్టి తీయండి. నీళ్లు పూర్తిగా పోయాకే దగ్గరికి వెళ్లండి.