నడుస్తోందా అని అడుగుతారా!

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చెయ్యి ఇంకా వణుకుతోంది. పొయ్యి మీద టీ మరిగి మరిగి కషాయమైపోయింది.

విశాఖలో పాపకి ఆపరేషన్ చేయించిన ఆసుపత్రి నుంచి ఎవరో అమ్మాయి. "మేడమ్, పాప ఇప్పుడు నడుస్తోందా? మా సేవలకి ఎన్ని స్టార్లు ఇస్తారు?"

నడవడమా తల్లీ! పదకొండేళ్లొచ్చినా అది ఒక్క అడుగూ వెయ్యలేదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు స్వాధీనంలో ఉండదు. వెన్ను ఒక పక్కకి వంగిపోయి, కూర్చోబెడితే ఒరిగిపోయి ఆయాసపడుతుంటే రాడ్లూ స్క్రూలూ వేయించాం. నడవడానికి కాదు, కూర్చోడానికి. కేస్ షీట్ మొదటి పేజీలోనే ఉంది ఆ ముక్క. చదివే ఓపిక ఉండాలి కదా.

సర్జన్‌గారిని పల్లెత్తు మాట అనను, ఆయన హస్తవాసి మంచిది. ('ఆ పిల్లకి ఇంత ఖర్చెందుకు' అన్న మా ఆడపడుచు సంగతి ఇంకో పోస్టులో.) నా గొడవంతా వార్డుతోనే. రెండో రాత్రి నర్సమ్మ నవ్వు ముఖాలూ ఏడుపు ముఖాలూ ఉన్న అట్ట పట్టుకొచ్చింది. "పాపా, నొప్పి ఎంతుంది?" దానికి మాట రాదమ్మా అన్నాను. "చెప్పట్లేదుగా" అని సున్నా రాసుకుని వెళ్లిపోయింది. సున్నా! పిల్ల కింది పెదవి కొరుక్కుంటోంది, ఎడమ బొటనవేలు గుప్పిట్లోకి ముడిచేసింది. దాని కేక అదే. మాట రాని పిల్లలకైతే ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం చూసి పదికి మార్కులు వేసే పద్ధతి ఉందట, ఫ్లాక్ అంటారు. నాకు ఫోన్లో దొరికింది, వాళ్లకి దొరకలేదు.

రాడ్లు వేసిన ఒంటిని మొద్దు దొర్లించినట్టు భుజం, నడుం, కాళ్లు ఒక్కసారే తిప్పాలని పొద్దున నాకు నేర్పిందీ వాళ్లే. రాత్రి నర్సమ్మ ఒక్కతే వచ్చి పాప చెయ్యి పట్టుకుని లాగబోయింది! నేను అరిస్తే, "మెల్లగా మాట్లాడండి, పేషెంట్లు నిద్రపోతున్నారు." మా ఆయన్ని పిలుద్దామంటే పాస్ ఒక్కరికే. ఆయన గేటు బయట మెట్ల మీద పడుకున్నారు.

పైగా ఒకావిడ, "ఒడిశా నుంచా? అయినా మీ తెలుగు బాగానే ఉందే!" అంది. బాగానే ఉందా? మాది పర్లాకిమిడి అమ్మా! మీరు ఏటా ఆగస్టు 29న దండలేసే గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు. 1936లో గీత గీసి మమ్మల్ని ఒడిశాలో కలిపేశారు. ఇటొస్తే ఒడియావాళ్లం, భువనేశ్వర్ వెళ్తే తెలుగోళ్లం. పాప పాత కాగితాలు ఒడియాలో ఉన్నాయని కౌంటర్‌లో కూర్చున్నాయన ఫైలు బల్ల మీదకి విసిరినప్పుడే నాకు ఒళ్లు మండింది. గిడుగువారు సవర గిరిజనుల మాట నేర్చుకుని నిఘంటువే రాశారు. మీకు ఒక్క పిల్ల బొటనవేలు చూడ్డం చేతకాలేదు!

అదిగో, మళ్లీ మెసేజ్. "డియర్ మాస్టర్, మీ విలువైన అభిప్రాయం కోసం ఎదురుచూస్తున్నాం."

మాస్టరట. అది ఆడపిల్ల.