ర్యామ్‌ను అనుమానిస్తే కళ్లు పోతాయి

తిరుపతిలో కంప్యూటర్ మొండికేస్తే అనుమానించాల్సిన వాళ్ల జాబితా చాలా పెద్దది. విండోస్, పెన్‌డ్రైవ్, యూపీఎస్, కరెంటోళ్లు, ఇంట్లో గేములాడే పిల్లోడు, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఉండే రాహుకాలం. ఈ జాబితాకు ఎన్నడూ ఎక్కని పేరు ఒక్కటే, ర్యామ్, అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు డేటా పెట్టుకునే మెమరీ. అది తిరగదు, చప్పుడు చేయదు, కాలిన వాసన కొట్టదు, పెట్టిన చోట పెట్టినట్టు బుద్ధిగా ఉంటుంది. ఆయుధపూజ నాడు క్యాబినెట్‌కు పెట్టిన కుంకుమ బొట్టులో దానికీ వాటా ఉంది. అలాంటి దాన్ని అనుమానిస్తే కళ్లు పోవూ?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిశాక ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మార్చే హడావిడి మొదలైంది. పాత మెషీన్ అయితే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదని విండోస్ 11 మొహం తిప్పుకుంటుంది, అందుకని కొందరు లైనక్స్ అనే ఉచిత ఓఎస్ మీద పడ్డారు. ఏది వేసినా సగంలో తెర ఆగిపోయిందనుకోండి, ఇటు విండోస్ తెర మీద 'మెమరీ మేనేజ్‌మెంట్', అటు లైనక్స్ తెర మీద 'కెర్నల్ ప్యానిక్', అంటే ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ చేతులెత్తేసిందని. మెమరీ అని తెర మీదే రాసుంది. అయినా తెర మీద రాసింది చదివే అలవాటు మనకెక్కడిది? షాపాయన ఒక్క చూపు చూసి తేల్చేస్తాడు: "విండోస్ సరిగ్గా పడలేదు సామీ, మళ్లీ వేసి చూద్దాం."

ఈ 'మళ్లీ వేసి చూద్దాం' విధానాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, ఎందుకంటే దీని వెనక గట్టి ఆర్థికశాస్త్రం ఉంది. ఓఎస్ వేస్తే బిల్లు వేయొచ్చు. పరీక్ష చేస్తే ఏం వేస్తారు? మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రామ్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి ర్యామ్ అంతటా రకరకాల ప్యాటర్న్‌లు రాస్తుంది, తిరిగి చదువుతుంది, తేడా వస్తే ఎర్రగా చూపిస్తుంది. ఒక్క ఎర్ర లైను వచ్చినా తప్పు తప్పే, 'ఒక్కటే కదా' అని సర్దుకునే బేరం లేదు. కాకపోతే నమ్మకంగా తేలాలంటే రాత్రంతా నడవనివ్వాలి. రాత్రంతా మెషీన్ ఆన్ చేసి పెట్టినందుకు డబ్బులడిగితే కస్టమర్ ఊరుకుంటాడా? అదే మూడుసార్లు ఓఎస్ వేశామంటే, పాపం ఎంత కష్టపడ్డాడో అని టీ కూడా తెప్పిస్తాడు.

నిన్నటిదాకా యూట్యూబ్ బ్రహ్మాండంగా ఆడింది కదా, ర్యామ్ ఎట్లా పోతుంది అని లాజిక్ లాగేవాళ్లు కూడా ఉన్నారు. వీడియోలో ఒక బిట్ (మెమరీలో ఒక సున్నా లేదా ఒకటి) తప్పితే ఎక్కడో ఒక చుక్క రంగు మారుతుంది, అది హీరో మీసం మీద పడినా ఎవరికీ కనపడదు. ఇన్‌స్టాలర్ పని అట్లా కాదు. గట్టిగా కుదించిన ఫైళ్లను ర్యామ్‌లోకి లాగి విప్పుతుంది, రోజూ ఎవరూ ముట్టని మూలలు కూడా వాడేస్తుంది. 8 జీబీ ర్యామ్‌లో 6,871 కోట్లకు పైగా బిట్లుంటాయి, కుదించిన ఫైలు మధ్యలో ఒక్కటి తిరగబడినా ఆ తర్వాత విప్పేదంతా చెత్తే. కెర్నల్ తన సొంత డేటాలోనే అలాంటి చెత్త చూసిందంటే, దాన్నే డిస్క్ మీద రాసి పెట్టకుండా ఉన్నచోటే ఆగిపోతుంది. మర్యాద తెలిసిన పని చేసినందుకు దానికి తిట్లు.

ఇక నేరం ఎవరి మీద పడుతుందో చూడాలి. మన తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథలో దాక్కున్న పాలెగాడిని బయటికి రప్పించడానికి అమ్మవారు రోజుకో వేషం వేసింది, మే నెల జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని మనం వేసేవి అవే. ఇక్కడ కథ తిరగబడింది, దాక్కున్న పాలెగాడే, అంటే చెడిన ర్యామే, గంటకో వేషం వేస్తాడు. ఒకసారి 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా', ఇంకోసారి 'ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్', మూడోసారి ఏదో గ్రాఫిక్స్ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్) పేరు. "డ్రైవరే సామీ!" అని దాన్ని పట్టుకుంటారు. ఆ డ్రైవర్ చేసిన పాపమల్లా చెడిన చోట డేటా పెట్టుకోవడమే. ప్రతిసారీ అదే చోట అదే మెసేజ్‌తో ఆగితే ఐఎస్ఓ ఫైలునో (ఓఎస్ ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైలు) డ్రైవర్‌నో అనుమానించొచ్చు, చోటు మారుతూ పోతుంటే మాత్రం ర్యామ్ వైపు చూడాలి. ఒకే ఐఎస్ఓకు వేలిముద్ర లాంటి షా-256 చెక్‌సమ్ రెండుసార్లు తీసి, రెండుసార్లూ వేరే జవాబు వస్తే ఇంకా ఆలోచించేదేముంది?

అన్యాయంగా మాట్లాడకూడదు, ర్యామ్‌కు వైద్యం అసలు లేదని కాదు. క్లిప్పులు వెనక్కి నొక్కి ర్యామ్ స్టిక్ బయటికి లాగుతారు, స్కూలు పిల్లల ఎరేజర్‌తో బంగారు రంగు పళ్లను పైకీ కిందికీ రుద్దుతారు, ఉఫ్ఫని ఊదుతారు, టక్కుమనేదాకా బొటనవేళ్లతో నొక్కుతారు. నిజానికి చాలాసార్లు పని చేస్తుంది కూడా, పళ్ల మీద పట్టిన మురికి వదిలితే కాంటాక్ట్ కుదురుతుంది. ఇంకో అడుగు వేసి రెండు స్టిక్కులూ తీసి ఒక్కొక్కటే పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. బయోస్ సెట్టింగుల్లో ర్యామ్‌ను మామూలు కంటే స్పీడుగా నడిపే ఎక్స్‌ఎంపీ ఆపి, డీడీఆర్4 రకం ర్యామ్‌ను దాని మామూలు 1.2 వోల్టుల దగ్గర నడిపి చూడొచ్చు. కానీ స్పీడు తగ్గిస్తే పిల్లోడు అన్నం తినడే!

గూగుల్, టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, గూగుల్ సర్వర్లలోని మెమరీ మాడ్యూళ్లలో ఏడాదికి 8 శాతానికి పైగా తప్పులు చూపించాయని తేలింది. వాళ్లకు ఈసీసీ రకం మెమరీ ఉంది, తిరగబడిన బిట్‌ను పట్టి సరిచేస్తుంది. మన ఇళ్లకు ఆ మెమరీ అందకుండా పోయిందని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021లో ఇంటెల్‌ను దుమ్ము దులిపాడు. ఆయన అమాయకుడు. తప్పు చేస్తే చెప్పే ర్యామ్ వస్తే మనం ఎవర్ని తిట్టుకోవాలి?

ఇంత జరిగి చివరికి స్టిక్ చెడిపోయిందని తేలితే దాన్ని పారేస్తారనుకోకండి. సొరుగులో వేస్తారు. రేపు కొర్లగుంట నుంచి ఎవరో "సెకండ్ హ్యాండ్‌లో నాలుగు జీబీ ఏమన్నా ఉందా అన్నా?" అని రాకపోతాడా.