ఆకలికీ ఎదుగుదలకూ ఒకటే పద్దు

బరువు తగ్గలేని వారిని చూసి ‘నోరు కట్టుకోలేరు’ అనడం, పొడవు పెరగని పిల్లలను చూసి ‘హార్మోన్లు తక్కువేమో’ అనడం మన ఇళ్లలో మామూలే. ఆకలి మనసుకు సంబంధించినదనీ, ఎదుగుదల గ్రంథులకు సంబంధించినదనీ విడదీసి చూడటం వల్లనే ఈ రెండు మాటలూ వస్తున్నాయి. శరీరం మాత్రం రెండింటినీ ఒకే పద్దులో రాసుకుంటుంది.

ఆకలి హార్మోన్‌గా పేరుపడిన గ్రెలిన్‌ను కనుగొన్న తీరే ఇందుకు సాక్ష్యం. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు మసయాసు కొజిమా, కెంజి కంగావా బృందం వెతికింది ఆకలి మూలాన్ని కాదు. పిట్యూటరీ గ్రంథి నుంచి గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే గ్రాహకం (కణాల మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) ఒకటుందని అప్పటికే తెలుసు గానీ, దాన్ని ప్రేరేపించే సహజ పదార్థమేదో తెలియదు. మెదడులో ఉంటుందనుకున్న ఆ పదార్థం ఎలుక జీర్ణాశయంలో దొరికింది. 28 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్‌కు, మూడో స్థానంలో ఎనిమిది కార్బన్ల కొవ్వు ఆమ్లం అతుక్కుంటే తప్ప అది ఆ గ్రాహకాన్ని ప్రేరేపించలేదు. ఆకలితో దానికున్న సంబంధం మనుషుల్లో తేలింది 2001లో. లండన్‌లో గ్రెలిన్‌ను రక్తంలోకి ఎక్కించుకున్న వాలంటీర్లు సగటున 28 శాతం ఎక్కువ తిన్నారు. రోజూ భోజనం వేళకు కడుపులో ఎలుకలు పరుగెత్తడంలో కొంత దీని పాత్రే: అలవాటైన సమయానికి ముందు రక్తంలో గ్రెలిన్ పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది.

అయితే గ్రెలిన్ లేకుండా పుట్టించిన ఎలుకలు దాదాపు మామూలుగానే తిన్నాయి, మామూలుగానే పెరిగాయి. మరి దాని అసలు పని ఏమిటి? 2010లో డల్లాస్ పరిశోధకులు ఆ కొవ్వు ఆమ్లాన్ని అతికించే ఎంజైమ్ లేని ఎలుకలకు, మామూలు ఎలుకలకు తిండిని 60 శాతం తగ్గించి చూశారు. రెండు గుంపుల్లోనూ కొవ్వు కరిగిపోయింది. మామూలు ఎలుకలు రక్తంలో చక్కెరను నిలబెట్టుకుని బతికాయి. ఎంజైమ్ లేని గుంపులో వారం తిరిగేసరికి చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోయింది. గ్రెలిన్ గానీ, గ్రోత్ హార్మోన్ గానీ అందించిన వాటిలో ఆ ముప్పు తప్పింది. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికన్నా విలువైన ప్రయోగం ఇదే. గ్రెలిన్ ప్రధానంగా కరువు కాలపు కాపలాదారు; రోజువారీ ఆకలి దాని పనిలో ఒక భాగం మాత్రమే.

ఈ కాపలాకు మనం కావాలని చేసే డైటింగ్‌కూ, నిజమైన కరువుకూ తేడా తెలియదు. 2011లో ప్రచురితమైన మెల్‌బోర్న్ అధ్యయనంలో, పది వారాల కఠిన ఆహార నియమంతో బరువు తగ్గిన వారిని ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తే, గ్రెలిన్ ఇంకా ఎక్కువగానే ఉంది. కొవ్వు కణాల నుంచి వెలువడి ‘నిల్వలు చాలినంత ఉన్నాయి’ అని మెదడుకు తెలియజేసే లెప్టిన్ తక్కువగానే ఉంది. అంటే ఏడాది గడిచినా వారి శరీరం పోయిన బరువును రాబట్టుకునే ప్రయత్నంలోనే ఉంది. అలాంటి వారికి మనోనిబ్బరం లేదనడం అన్యాయం. బరువు తగ్గడానికి ఇప్పుడు గిరాకీ ఉన్న ఇంజెక్షన్లు పనిచేసేది జీఎల్‌పీ-1 అనే మరో హార్మోన్ మార్గంలో. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు ఒక ప్రధాన అధ్యయనంలో తేలింది.

పిల్లల విషయానికొస్తే పరిస్థితి మరింత గంభీరం. తిండి చాలనప్పుడు గ్రోత్ హార్మోన్ తగ్గుతుందనుకుంటాం, నిజానికి పెరుగుతుంది. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లల రక్తంలో అది ఎక్కువగా ఉంటుందని 1960లలోనే గమనించారు. కానీ కాలేయం ఆ సంకేతానికి స్పందించడం మానేసి, ఎముకలను సాగదీసే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది. అప్పుడు గ్రోత్ హార్మోన్ కొవ్వును కరిగించి, చక్కెరను కాపాడే పనికే పరిమితమవుతుంది. ఎదుగుదల వాయిదా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. వీరి విషయంలో తల్లి పోషణ, పదేపదే వచ్చే విరేచనాలు, అంటువ్యాధులు కూడా లెక్కలోకి వస్తాయి గానీ, గ్రోత్ హార్మోన్ లోపమన్నది వీరిలో ఏ కొద్దిమందికో ఉంటుంది. ఆ లోపం నిజంగా ఉన్నవారికి గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ అవసరమే.

మిగతావారికి కావలసింది మాంసకృత్తులు, శక్తి, సూక్ష్మపోషకాలు ఉన్న తిండి. ‘ఎత్తు పెరుగుతారు’ అని టీవీలో ఊరించే పొడి డబ్బాకు పెట్టే డబ్బుతో నెల పొడవునా గుడ్లు, పప్పు కొనవచ్చు. ప్రభుత్వాలు కూడా అంగన్‌వాడీలో గుడ్డును, బాలామృతాన్ని దానధర్మంగా కాక, ఐజీఎఫ్-1ను పెంచే వైద్యంగా చూసి, సరఫరాలో ఒక్క వారం కూడా విరామం రాకుండా చూడాలి. వైద్యుల వైపు నుంచి కోరదగినది ఒక్కటే: పొట్టి పిల్లవాడికి ఖరీదైన హార్మోన్ పరీక్ష రాసే ముందు, అంగన్‌వాడీ కార్డులో బరువు గీత ఏ నెలలో చదునైందో, ఆ నెలలో ఇంట్లో ఏం వండారో, పిల్లవాడికి జ్వరమో విరేచనాలో వచ్చాయో తల్లిని అడగాలి.