‘తప్పక పంపండి’ అన్న సందేశానికి ఒక దుబాసీ జవాబు

గత రెండు వారాల్లో ఒకే సందేశం నాకు పదకొండు సార్లు వచ్చింది. పదో తరగతి మిత్రుల గ్రూపులో వచ్చింది, మేముండే ఊరి తెలుగు సంఘం గ్రూపులో వచ్చింది, హైదరాబాదులో ఉన్న మా బాబాయి అది నాకు అందలేదేమోనన్న అనుమానంతో రెండు సార్లు పంపారు. ‘అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు తప్పక పంపండి’ అని మొదలై, చేతులు జోడించిన మూడు బొమ్మలతో ముగిసే ఆ సందేశంలో ఆరు ‘చట్ట సూత్రాలు’ ఉన్నాయి. పోలీసులు హక్కులు చదివి వినిపించకపోతే కేసు కొట్టేస్తారన్నది మొదటిది. తప్పు చేయనివాడికి లాయరు అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెబితే గంటలో ఇంటికి పంపేస్తారన్నది రెండోది. అక్కడి పోలీసులు అబద్ధమాడకూడదు, మఫ్టీలో ఉన్నవాడైనా ‘నువ్వు పోలీసువా’ అని అడిగితే ఒప్పుకుని తీరాలన్నది మూడోది. ఫిర్యాదు చేసినవాళ్లు వెనక్కి తీసుకుంటే కేసు అక్కడితో సరి అన్నది నాలుగోది. చిన్న కేసుల్లో నేరం ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడడమే తెలివైన పని, విచారణ దాకా ఎవరూ వెళ్లరన్నది ఐదోది. అరెస్టయినవాడికి ఒక్క ఫోనే ఇస్తారు కాబట్టి అది ఇంటికి చేయాలన్నది ఆరోది.

నేను అమెరికా కోర్టుల్లో తెలుగు దుబాసీగా పనిచేస్తాను. జడ్జి అన్నది తెలుగులోనూ, నిందితుడు అన్నది ఇంగ్లీషులోనూ చెప్పడం వరకే నా బాధ్యత. సలహా ఇవ్వడం, మధ్యలో కలగజేసుకోవడం, ఆఖరికి జాలిగా చూడడం కూడా నాకు నిషిద్ధం. అక్కడ కట్టేసుకున్న నోరు కావడం వల్లనే కాబోలు, ఈ సందేశం పన్నెండోసారి రాకముందే నాలుగు మాటలు రాయాలనిపించింది.

మొదటి అంశంలో ఆ హక్కుల పేరును ‘మిరిండా’ అని రాశారు. అది కూల్‌డ్రింకు. సుప్రీంకోర్టు 1966లో తీర్పు చెప్పింది ఎర్నెస్టో మిరాండా కేసులో. మౌనంగా ఉండే హక్కు, లాయరును అడిగే హక్కు ఉన్నాయని తెలియజేయకుండా కస్టడీలో ప్రశ్నించి రాబట్టిన వాంగ్మూలాన్ని ప్రాసిక్యూటర్ తన వాదనకు సాక్ష్యంగా పెట్టకూడదన్నది ఆ తీర్పు సారం. కేసే ఎగిరిపోతుందని అందులో ఎక్కడా లేదు. ఆ మిరాండాకే 1967లో అరిజోనాలో మళ్లీ విచారణ జరిగి, ఆ వాంగ్మూలం లేకుండానే నేరం రుజువై, 20 నుంచి 30 ఏళ్ల శిక్ష పడింది. పెరోలు మీద బయటికి వచ్చాక ఆయన హక్కులు అచ్చువేసిన కార్డుల మీద సంతకాలు చేసి అమ్ముకునేవాడు. దుకాణంలోని కెమెరా మీ అబ్బాయిని చూసి ఉంటే, పోలీసు ఏమి చదివాడో ఏమి మరిచాడో ఆ కెమెరాకు పట్టదు.

రెండో అంశం సంగతి తీరిగ్గా చూడాలి కనుక ముందు మూడోదానికి వస్తాను. ప్రశ్నించేటప్పుడు పోలీసులు అబద్ధమాడవచ్చునని సుప్రీంకోర్టు 1969లోనే, ఫ్రేజియర్ కేసులో, తేల్చింది. అందులో పోలీసులు నిందితుడితో ‘నీ బంధువు అప్పుడే అంతా ఒప్పేసుకున్నాడు’ అని అబద్ధం చెప్పారు, అయినా ఆ వాంగ్మూలం చెల్లింది. ఇక మఫ్టీ మాట. ఈ ముక్కను తెలుగువాళ్లే తెలుగువాళ్లకు పంపుకోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మిచిగాన్‌లో ‘ఫార్మింగ్టన్ యూనివర్సిటీ’ అన్నదాన్ని వీసా మోసాలను పట్టుకోవడానికి ఇమ్మిగ్రేషన్ అధికారులే స్థాపించి, ఆఫీసు తెరిచి, వెబ్‌సైటు పెట్టి, ఫీజులు వసూలు చేసి, ఒక్క పాఠమైనా చెప్పకుండా నడిపారు. 2019 జనవరి చివర్లో వల లాగినప్పుడు విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మీద నేరారోపణలు వచ్చాయి, వాళ్లలో ఎక్కువ మంది మనవాళ్లే. నిర్బంధంలోకి వెళ్లిన వంద పైచిలుకు విద్యార్థుల్లో చాలామంది ఆంధ్రా, తెలంగాణల నుంచి వచ్చినవాళ్లే. ఆ యూనివర్సిటీ ఆఫీసులో కూర్చున్న ‘అధికారుల’ను ‘మీరు పోలీసులా’ అని అడిగి ఉంటే కుర్చీలోంచి లేచి బ్యాడ్జీ చూపించేవారని ఈ సందేశం రాసిన మహానుభావుడి నమ్మకం కాబోలు.

నాలుగో అంశంలో ఉన్నది మన ఊరి రాజీ అలవాటు. పెద్దమనుషులు కూర్చోవడం, ఫిర్యాదుదారు మెత్తబడడం, ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవడం మనకు తెలిసిన దారి. ఇక్కడ కేసు పేరులోనే సంగతి ఉంది: న్యూయార్క్‌లో, కాలిఫోర్నియాలో వాది ‘ప్రజలు’, పెన్సిల్వేనియాలో ‘కామన్వెల్త్’, టెక్సస్‌లో ‘రాష్ట్రం’. ఫిర్యాదు చేసినవారు సాక్షి మాత్రమే. కేసు నడపాలో వద్దో నిర్ణయించేది ప్రాసిక్యూటర్. భార్య రాత్రి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి, తెల్లవారి కోర్టుకు వచ్చి ‘మా ఆయన్ను వదిలేయండి, అది మా ఇంటి గొడవ’ అని చేతులు పట్టుకుని అడగడం నేను అనువదించాను. చాలా సందర్భాల్లో అప్పటికే జడ్జి భర్తను ఆ గడప తొక్కవద్దని ఆదేశించి ఉంటారు. ఆమె సాక్ష్యం చెప్పకపోయినా ఆ ఫోన్ రికార్డింగునే సాక్ష్యంగా వాడవచ్చునని 2006లో డేవిస్ కేసులో సుప్రీంకోర్టు అంది. గృహహింస కేసులో నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవారినైనా దేశం నుంచి పంపించివేయవచ్చు.

ఇప్పుడు రెండో అంశం. మిగిలినవాటిని నవ్వి వదిలేయవచ్చు గాని ఇది పిల్లల్ని జైలుకు పంపే సలహా. దీనికి ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అన్న సామెతను కూడా తగిలించారు. ఆ సామెత పుట్టిన ఊళ్లో డిటెక్టివులు లేరు. ఈ సలహా మనవాళ్లకు అంత సహజంగా ఎందుకు తోస్తుందో నాకు తెలుసు. మన దేశంలో పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా ఉన్న ఆ నియమమే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది. స్టేషన్లో ఏమి చెప్పినా కోర్టులో కాదనవచ్చునన్న ధీమా నూటయాభై ఏళ్లుగా మనలో జీర్ణించుకుపోయింది. అమెరికాలో ఆ అడ్డుగోడ లేదు. హక్కులు చెప్పి, బలవంతపెట్టకుండా రాబట్టిన ప్రతి మాటా, వీడియోతో సహా, జ్యూరీ ముందుకు వెళ్లగలదు.

తప్పు చేయనివాడికి భయమెందుకు అనేవారు సెంట్రల్ పార్క్ కేసు గుర్తు తెచ్చుకోవాలి. 1989 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారానికి 14 నుంచి 16 ఏళ్ల వయసున్న ఐదుగురు కుర్రాళ్లను పట్టుకున్నారు. గంటల తరబడి ప్రశ్నలు ఎదుర్కొన్నాక వారిలో నలుగురు తాము చేయని నేరాన్ని వీడియో కెమెరా ముందు వర్ణించి చెప్పారు. 2002లో ఆ పని చేసింది తానని మరొకడు చెప్పడం, డీఎన్‌ఏ అతనితోనే సరిపోవడంతో వారి శిక్షలు రద్దయ్యాయి; 2014లో నగరం 4 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీపడింది. అప్పటికి ఆ కుర్రాళ్లు నడివయసుకు వచ్చారు. ‘గంటలో ఇంటికి పంపేస్తారు’ అన్న వాక్యం రాసినవారు ఏ గడియారం చూసి రాశారో తెలుసుకోవాలని ఉంది. పైగా పోలీసులు మీతో అబద్ధమాడవచ్చు గాని, ఎఫ్‌బీఐ వంటి ఫెడరల్ అధికారులతో కీలక విషయంలో మీరు తెలిసి అబద్ధమాడితే అదే ప్రత్యేక నేరం, ఐదేళ్ల వరకు జైలు. భయంతో ‘ఆ రోజు నేనక్కడ లేను’ అన్న ఒక్క మాటకు అసలు నేరం కంటే పెద్ద కేసు తయారు కావచ్చు.

ఏ కేసు వివరమూ బయటపెట్టకుండా నా వృత్తిలో తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ఎదుటివారు మాట్లాడుతుంటే మనం ఊకొడతాం. ‘ఊఁ’ అంటే వింటున్నాను అని అర్థం, ఔను అని కాదు. కథ చెప్పే బామ్మకు ఊఁ కొట్టిన మనవడు ఆ రాక్షసుణ్ణి తానే చంపానని ఒప్పుకున్నట్టు కాదు. దుబాసీ లేకుండా, వచ్చిన ఇంగ్లీషుతో నెట్టుకొచ్చే కుర్రవాడు డిటెక్టివు ఎదుట కూర్చున్నప్పుడు, ‘నువ్వు దాన్ని సంచిలో పెట్టుకున్నావు’ అనగానే తలూపుతూ ‘ఊఁ’ అంటాడు, ‘డబ్బు కట్టకుండా బయటికి నడిచావు’ అనగానే మళ్లీ ‘ఊఁ’ అంటాడు. కాగితం మీద అవి రెండు ఒప్పుకోళ్లు. ఇది అతిశయోక్తి అనుకునేవారు 2010 నాటి థాంప్కిన్స్ తీర్పు చూడాలి. మిచిగాన్‌లో జరిగిన కాల్పుల కేసులో పట్టుబడ్డ అతడు దాదాపు మూడు గంటలు ఇంచుమించు మౌనంగానే కూర్చున్నాడు. చివర్లో, ఆ పిల్లవాణ్ణి కాల్చినందుకు క్షమించమని దేవుణ్ణి వేడుకుంటున్నావా అని అడిగితే ‘ఔను’ అన్నాడు. అంతసేపు నోరు విప్పనంత మాత్రాన మౌనహక్కును వాడుకున్నట్టు కాదని, ఆ ఒక్క ‘ఔను’ చెల్లుతుందని కోర్టు 5–4తో తేల్చింది.

ఇక మన మర్యాద మరో ప్రమాదం. పెద్దవాళ్లతో ఏదీ సూటిగా అడగకూడదని పెరిగినవాళ్లం కనుక, మన పిల్లవాడు డిటెక్టివుతో ‘లాయర్‌తో మాట్లాడితే బాగుంటుందేమోనండీ’ అంటాడు. సరిగ్గా ఆ ‘ఏమో’ గురించే 1994లో డేవిస్ అనే మరో నిందితుడి కేసులో తీర్పు ఉంది: ‘బహుశా లాయర్‌తో మాట్లాడాలేమో’ అన్నది లాయరును అడిగినట్టు కాదు, ప్రశ్నలు కొనసాగించవచ్చు. అదే ‘నాకు లాయరు కావాలి, అప్పటివరకు నేను మాట్లాడను’ అని స్పష్టంగా అంటే ప్రశ్నలు ఆపాలి. ఇది 1981 నుంచి ఉన్న నియమం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడి పోలీసు అమ్మ కూడా కాదు. లాయరును అడిగితే అనుమానం వస్తుందని సందేశం బెదిరిస్తోంది. కస్టడీలో ప్రశ్నించేదాకా వచ్చిందంటే అనుమానం ఎప్పుడో వచ్చిందన్నమాట. డబ్బు లేదంటారా, ఫ్లోరిడా జైలు నుంచి క్లారెన్స్ గిడియన్ పెన్సిలుతో రాసి పంపిన అర్జీ మీద 1963లో వచ్చిన తీర్పు వల్లనే బీద నిందితుడికి లాయరును ప్రభుత్వమే ఇస్తోంది. లాయరు వచ్చాక జరిగిన రెండో విచారణలో గిడియన్ నిర్దోషిగా బయటపడ్డాడు. అయితే ఇమ్మిగ్రేషన్ కోర్టు క్రిమినల్ కోర్టు కాదు కనుక అక్కడ ఈ ఉచిత లాయరు ఉండడు. కారు ఆపిన పోలీసుకు లైసెన్సు చూపించి పేరు చెప్పడం వేరు సంగతి. అంతవరకు మంచి నోరు మంచిదే.

ఐదో అంశాన్ని చీల్చి చెండాడాలనే కూర్చున్నాను గాని, అందులో సగం ఒప్పుకోక తప్పడం లేదు. విచారణ దాకా ఎవరూ వెళ్లరన్నది దాదాపు నిజం. ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం, రాష్ట్ర కోర్టుల్లో 94 శాతం శిక్షలు నేరం ఒప్పుకోవడం వల్లనే పడుతున్నాయని సుప్రీంకోర్టే 2012లో రాసింది. పన్నెండు మంది జ్యూరీ, ఎదురుప్రశ్నలు, లాయర్ల గర్జనలు అన్నీ మిగిలిన ఆ కాస్త భాగానికే. నేను అనువదించేది ఎక్కువగా, నేరం ఒప్పుకుంటే శిక్ష ఎంత తగ్గుతుందని కారిడారులో సాగే పది నిమిషాల బేరం. కెంటకీలో పాల్ హేస్ అనే అతను 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు కేసులో ఐదేళ్లకు ఒప్పుకోనన్నందుకు, ప్రాసిక్యూటర్ పాత నేరాలను కలిపి మరింత తీవ్రమైన ఆరోపణ తెచ్చి యావజ్జీవం వేయించాడు. అది తప్పు కాదని 1978లో సుప్రీంకోర్టు అంది. న్యూయార్క్‌లో కలీఫ్ బ్రౌడర్‌ను 2010లో, 16 ఏళ్ల వయసులో, బ్యాగు దొంగతనం ఆరోపణ మీద పట్టుకున్నారు. 3,000 డాలర్ల బెయిలు కట్టలేక, చేయని నేరం ఒప్పుకోనని పట్టుబట్టి, విచారణే లేకుండా మూడేళ్లు రైకర్స్ ఐలండ్ జైల్లో ఉన్నాడు. 2013లో కేసు కొట్టేశారు, 2015లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఇవి తెలిసినవాణ్ణి, ‘ఒప్పుకుని బయటపడు’ అన్నవాణ్ణి పిరికివాడని అనలేను. ఈ వ్యవస్థ గురించి ఈ సందేశంలో ఉన్న ఒకే ఒక్క నిజం బహుశా అదే.

కాని పౌరుడికి తెలివి అయినది స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి ఉరి. దుకాణంలో చిన్న దొంగతనాన్ని కూడా ఇమ్మిగ్రేషన్ చట్టం సాధారణంగా నైతిక పతనంతో కూడిన నేరాల్లోనే, అంటే వీసాకే ముప్పు తెచ్చేవాటిలోనే, లెక్కిస్తుంది. నేరం ఒప్పుకున్నాక జడ్జి షరతులు పెట్టి వదిలేసినా, తర్వాత రాష్ట్ర కోర్టు రికార్డును చెరిపేసినా, ఇమ్మిగ్రేషన్ లెక్కలో అది సాధారణంగా శిక్షగానే మిగులుతుంది. హోసే పాడిల్లా నలభై ఏళ్లు గ్రీన్ కార్డు మీద ఇక్కడ బతికిన వియత్నాం యుద్ధ సైనికుడు. ఇన్నేళ్లున్నావు నీకేం ఫరవాలేదని లాయరు చెబితే గంజాయి కేసులో నేరం ఒప్పుకుని దేశబహిష్కారం ముంగిట నిలబడ్డాడు. అటువంటి పర్యవసానాన్ని లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో కోర్టు అన్నది ఆయన కేసులోనే. కనుక ‘జరిమానా ఎంత’ అని కాదు, ‘నా వీసా సంగతేమిటి’ అని అడగాలి. కారిడారులో ఆ ప్రశ్న వినిపించడం నాకు అరుదు.

ఆరో అంశం సినిమాల్లోది. కాలిఫోర్నియాలో మూడు ఫోన్లకు చట్టమే ఉంది, మిగిలిన చోట్ల రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అంతకు మించి దాని గురించి చెప్పేదేమీ లేదు. ‘ఇంటికి చేయండి’ అన్న మాట గురించి మాత్రం ఉంది. కౌంటీ జైలు నుంచి ఇంటికి వెళ్లే ఫోన్లు సాధారణంగా రికార్డవుతాయి, ఆ సంగతి మొదట్లోనే ఇంగ్లీషులో చెబుతారు కూడా. తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధైర్యంతో మనవాళ్లు అన్నీ మాట్లాడేస్తారు. ఆ రికార్డింగులు తర్జుమాకు వచ్చేది నాలాంటివాళ్ల దగ్గరికే. తిన్నావా నాన్నా అని తల్లి అడుగుతుంది, చలిగా ఉందా అని అడుగుతుంది, కాసేపు ఏడుస్తుంది, తర్వాత గొంతు తగ్గించి ‘నిజంగా తీశావా’ అంటుంది. అటునుంచి ‘ఊఁ’ అని వినిపిస్తుంది. దాని ఎదురుగా ఇంగ్లీషులో ఏమి రాయాలో తేల్చుకోవడానికి ఆ అర సెకను ముక్కను నేను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి వింటాను.